ఆఖరి వరసలో మెలిక

4-1-98, గోల్‌మురి, టాటానగర్

నా చేతిరాత బాగోదు. తప్పులు కూడా ఉంటాయి. చదివేవారు మన్నించాలి. మా ఊరి బడిలో కాగితం మీద ఏది రాసినా మొదట ఇది రాయించేవారు. దీన్ని చదివేవారు ఎవరూ లేరు. అయినా అది రాయకపోతే చెయ్యి ముందుకి పోదు.

ఆఫీసులో ట్రేసింగ్ చేసే మా ఇద్దరికీ, నాకూ ఆదిబాబుకీ, చెరో డైరీ ఇచ్చారు. ఆదిబాబు తనది వాళ్ళావిడ నూకాలమ్మకి ఇచ్చేశాడు, ముగ్గులు గీసుకుంటుందని. వాడికి రాసుకోవాల్సింది ఏమీ ఉండదు. ఏదున్నా నోటితో అనేస్తాడు. నాకు నోరు రాదు.

మా ఆవిడ గౌరికి కుడికన్ను కూడా మసక పడింది.

6-1-98

మేనేజరు సోమశేఖర్ గారు పిలిచారు. నన్నూ ఆదిబాబునీ. కూర్చోమనలేదు.

"ట్రేసింగ్ బల్లలు ఈ నెలాఖరుకి తీసేస్తున్నాం. సిరాతో గీసే రోజులు పోయాయి. ఇక డ్రాయింగులన్నీ కంప్యూటర్లోనే" అన్నారు.

మేం తల ఊపాం.

"ప్లాటరు గదికి ఒక మనిషి కావాలి. ఒక్కడే. ఇంజనీర్లు గీసింది మిషను మీద తెరిచి, కాగితం మీద దించాలి. అంతే పని. మార్చిలో మీ ఇద్దరికీ పరీక్ష. చేసినవాడు ఉంటాడు. చెయ్యలేనివాడు క్వార్టరు ఖాళీ చేసి తాళం చెవి ఇచ్చి వెళ్తాడు."

బయటికొచ్చాక ఆదిబాబు సైకిలు తాళం తీస్తూ నవ్వాడు. "ఏట్రా బల్రామూ, మొకం అలా పెట్టావు? నువ్వున్నా నేనున్నా ఒకటే కాదేటి? నీ ఇంట్లో నేను తింటాను, నా ఇంట్లో నువ్వు తింటావు."

నేను ఊ అన్నాను. బర్మామైన్స్‌లో మా ఆఫీసు గేటు నుంచి ఇంటి దాకా వాడే మాట్లాడాడు.

7-1-98

గౌరికి చెప్పలేదు. ఈ ఇల్లు ఆమెకి చేతులతో తెలుసు. పడకగదిలోంచి లేచి, క్యాలెండరు మేకు తగిలాక ఎడమ పక్క, పెచ్చు ఊడిన గోడ తగిలితే వంటిల్లు, అక్కడి నుంచి పెరట్లో పంపు. అలా తడుముకుంటూ వెళ్ళి నీళ్ళు పట్టుకుని వచ్చేస్తుంది. ఇంకో ఇంట్లో పెడితే ఈ వయసులో మళ్ళీ గోడలు నేర్చుకోవాలి.

ఆదిబాబుకి ఆ ఇబ్బంది లేదు. నూకాలమ్మ కళ్ళు బాగున్నాయి. ఎక్కడైనా ఉండగలరు.

19-1-98

కౌశిక్ బాబు నేర్పుతున్నాడు. మన తెలుగువాళ్ళ అబ్బాయే, ఇక్కడే పుట్టాడు, కొత్త ఇంజనీరు. తాతగారూ అంటాడు. నవ్వుతాడు. మంచివాడే.

బూడిదరంగు తెర. మధ్యలో చిన్న పెట్టె. అది పేరు అడుగుతుంది, తర్వాత మాట అడుగుతుంది. ఆ మాట కొట్టినప్పుడు తెర మీద కనపడదు.

"పాస్‌వర్డు అంటే మీకు తప్ప ఎవరికీ తెలీకూడదు. ఆరక్షరాలకి తక్కువ వద్దు. సొంత పేరు వద్దు. పెళ్ళాం పేరు అసలే వద్దు, దొంగ ముందు అదే కొడతాడు" అన్నాడు.

"మరి పక్కోడి పెళ్ళాం పేరు పెట్టుకోవచ్చేటి బాబూ?" అని ఆదిబాబు అడిగాడు.

గదంతా నవ్వారు. కౌశిక్ బాబు బల్ల మీద కొట్టి మరీ నవ్వాడు. "అరే వా! అది ఏ దొంగకీ తట్టదు. పెట్టెయ్యండి!"

పెట్టేశాం. నాది నూకాలు. వాడిది గౌరీదేవి. ఇంగ్లీషు అక్షరాలు కౌశిక్ బాబు చీటీ మీద రాసిచ్చాడు. నాకు సిగ్గేసింది. గౌరిని నేనెప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. వాడు మాత్రం రోజూ కొడతాడు.

మనలో ఒకడు మర్చిపోతే రెండోవాడు చెప్పాలి అనుకున్నాం.

2-2-98

బల్లలు పట్టుకుపోయారు. నా బల్ల మీద నా మోచేతుల గుంటలు ఉన్నాయి. హమాలీలు దాన్ని తలకిందులు చేసి మోశారు.

11-2-98

ఇవాళ అందరూ నవ్వారు.

మిషను తెరుచుకున్నాక ఏ కిటికీలు రావాలో, గడియారం ఎక్కడుండాలో, డ్రాయింగు ఎక్కడ తెరవాలో ఒక ఫైల్లో రాసి పెట్టాలి. ఎవరి ఫైలు వారిది. దాని పేరు చుక్కతో మొదలవుతుంది, అందుకని మామూలుగా చూస్తే కనపడదు. పొద్దున్నే మాట కొట్టగానే మిషను ఆ ఫైలు పట్టుకుని ఒక్కో వరస చదువుకుంటూ పోతుంది.

వరస చివర మెలిక పెట్టాలి. ఏడంకె మీద ఉంటుంది చూడు, & ఇలా, ఆ మెలిక.

కౌశిక్ బాబు ఇలా చెప్పాడు. "మెలిక పెడితే, నువ్వెళ్ళి పని చూసుకో, నేను ఆగను అని అర్థం. మిషను తర్వాతి వరసకి వెళ్తుంది. మెలిక లేకపోతే, నీ పని అయ్యేదాకా ఇక్కడే నిలబడతాను అని. అన్నిటికీ మెలిక పెట్టాలి, ఆఖరి వరసకి తప్ప. ఆఖరివాడి కోసం మిషను నిలబడి ఉండాలి. వాడికీ మెలిక పెడితే ఇక ఆగడానికి ఎవరూ లేరనుకుని దుకాణం కట్టేస్తుంది. మిమ్మల్ని బయటికి తోసేస్తుంది."

నేను అన్నిటికీ పెట్టేశాను. ఆఖరిదానికి కూడా.

మాట కొట్టాను. తెర నల్లగా అయింది. గడియారం ఒక్కసారి మెరిసింది. మళ్ళీ బూడిదరంగు పెట్టె. పేరు చెప్పమంది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే. పాస్‌వర్డు తప్పేమోనని నెమ్మదిగా, ఒక్కో అక్షరం నోటితో అనుకుంటూ కొట్టాను. వెనక ఎవరో హిందీలో "చాచా కో ఘర్ మే ఘుస్‌నే నహీ దే రహా" అన్నారు. చాచాని ఇంట్లోకి రానివ్వట్లేదట. సోమశేఖర్ గారు టీ కప్పుతో వచ్చి నిలబడి చూశారు. టీ తాగుతూ చూశారు.

చివరికి కౌశిక్ బాబు తన మిషను నుంచి నా ఫైలు తెరిచాడు. ఆదిబాబు వాడి భుజం మీంచి చూసి వేలు పెట్టాడు. "అదుగో, ఆఖరి వరసలో మెలిక."

ఆ ఫైలు లోపలికి వెళ్ళాకే దిద్దగలం. ఫైలు చెడితే లోపలికి వెళ్ళలేం. చెడిందంటే వేరేవాళ్ళు దిద్దాలి.

12-2-98

కౌశిక్ బాబు ఆ మెలిక తీసేసి నన్ను లోపలికి పంపాక, ఫైలు మళ్ళీ మొదట్నించి రాశాను. ఆదిబాబు పక్కన కూర్చుని చూశాడు. రాయడం అయ్యాక వాడు నా కీబోర్డు లాక్కుని ఏదో ఒక మాట, మూడంకెలు కొట్టాడు.

"అదేట్రా?"

"ఫైలికి కాళ్ళిత్తన్నాను. రాసినంత మాత్రాన లెగదు. నడవమని చెప్పాలి. కౌశిక్ బాబుని అడిగి రాసుకున్నాను."

నాకెందుకులే అనుకున్నాను. వాడున్నాడు కదా.

3-3-98

ఆఫీసులో సమోసాల పందెం వేశారు, మాలో ఎవరు నెగ్గుతారని. అందరూ ఆదిబాబు మీదే వేశారు. నేహ అని కొత్తగా వచ్చిన అమ్మాయి ఒక్కర్తే నా మీద వేసింది. ఎందుకని కౌశిక్ బాబు అడిగితే, "బేచారా లగ్‌తా హై" అంది. పాపం అనిపిస్తానట.

నేను పక్కనే ఉన్నాను. నాకు హిందీ రాదనుకుంటారో ఏమో.

8-3-98

సాయంత్రం నూకాలమ్మ వచ్చి గౌరి తల దువ్వింది. వారపత్రిక చదివి వినిపించింది. పెరట్లో పంపు దగ్గర పాచి రుద్ది కడిగింది.

"వదినా, మీ అన్నయ్యే నెగ్గుతాడంట, ఆపీసులో అంతా అంటన్నారంట" అంది నూకాలమ్మ. గౌరి ఆదిబాబుని అన్నయ్యా అంటుంది.

దేంట్లో నెగ్గడం అని గౌరి అడిగింది. ఇక చెప్పాల్సి వచ్చింది.

గౌరి నా చెయ్యి తడిమి పట్టుకుంది. తర్వాత, "మరి నీకు రాదేటి?" అంది నాతో.

15-3-98

ఆదిబాబు మంచివాడు.

17-3-98

ఆదిబాబు మంచివాడు. ఇది ముందే రాశాను. ఇవాళ డ్రాయింగు నాకంటే ముందే దించేసి నాకు చూపించాడు. ఎలా చెయ్యాలో మళ్ళీ చెప్పాడు. అందరూ వింటుండగా గట్టిగా చెప్పాడు. "నీ బుర్రలోకి ఎక్కడానికి నిచ్చెనెయ్యాలేట్రా?" అన్నాడు. నవ్వారు. వాడూ నవ్వాడు. వాడికి తెలీదు.

20-3-98, శుక్రవారం

సోమవారం పరీక్ష. ఆదిబాబు పొద్దున్న ఒకసారి అన్నీ తెరిచి చూసుకుని, ఇక నేను ముట్టుకోను, దిష్టి తగుల్తాది అన్నాడు.

మధ్యాహ్నం అందరూ క్యాంటీనుకి వెళ్ళారు. నేను వెళ్ళలేదు. కడుపులో బాగోలేదన్నాను. నిజంగానే బాగోలేదు.

వాడి పేరు కొట్టి, గౌరీదేవి అని కొట్టాను. అదే మొదటిసారి కొట్టడం. తెరుచుకుంది.

ఫైలు ఎలా రాశాడో చూద్దామనే తెరిచాను. చక్కగా ఉంది. ఆఖరి వరసలో మెలిక పెట్టాను. చిన్నది. వాడు సోమవారం లోపు ఒకసారి చూసుకుంటాడు కదా, వెంటనే పట్టేస్తాడు. వాడికి తెలివుంది. అందుకని ఇది నేను చేసినట్టు కాదు.

క్యాంటీను నుంచి ఆదిబాబు నా కోసం మజ్జిగ తెచ్చాడు. కడుపుకి మంచిదని.

21-3-98

శనివారం మిషన్ల గది తాళం వేసి ఉంటుంది. ఆ సంగతి నాకు ఇవాళే గుర్తొచ్చింది.

23-3-98

ఆఫీసంతా వచ్చింది. సమోసాల బుట్ట ముందే తెప్పించి కిటికీలో పెట్టారు. సోమశేఖర్ గారు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. "ఎవరూ చెయ్యి పెట్టకూడదు, ఎవరూ చెప్పకూడదు" అన్నారు.

ముందు ఆదిబాబు. కొత్త చొక్కా. చేతులు రుద్దుకుని కూర్చున్నాడు. పేరు కొట్టాడు. మాట కొట్టాడు.

నల్లగా అయింది. గడియారం మెరిసింది. బూడిదరంగు పెట్టె.

వాడు నవ్వాడు. "వేలు జారింది" అన్నాడు. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అదే.

కౌశిక్ బాబు వెనక నుంచి, "తాతగారూ, ఎవరి పెళ్ళామో మర్చిపోయారా?" అన్నాడు. గది పగిలిపోయేలా నవ్వారు.

మళ్ళీ కొట్టాడు. ఈసారి కళ్ళద్దాలు తుడుచుకుని కొట్టాడు. చెమట చుక్క కీబోర్డు మీద పడింది. మళ్ళీ పెట్టె. అప్పుడు వాడు కుర్చీలో వెనక్కి తిరిగి నన్ను వెతుక్కున్నాడు. అందరి ముందూ అడిగాడు.

"ఒరే బల్రామూ. నా పాస్‌వర్డు గౌరీదేవే కదరా?"

ఎవరో ఈల వేశారు. నా పెళ్ళాం పేరు ఆ గదిలో అందరి నోట్లోకీ వెళ్ళింది. గౌరీదేవి, గౌరీదేవి అని ఒకరికొకరు చెప్పుకున్నారు.

వాడు నా మొహమే చూస్తున్నాడు.

"నాకు తెలీదు" అన్నాను.

సోమశేఖర్ గారు గడియారం చూసుకుని, "బస్, చాలు. లేవండి" అన్నారు. ఆదిబాబు లేవలేదు. "అయ్యా, నాకొచ్చండి. శుక్రవారం కూడా చేశానండి. ఇంకొక్కసారండి" అన్నాడు. సార్ సమోసా ఒకటి తీసుకుని, "పాస్‌వర్డే గుర్తులేని మనిషికి ప్లాటరు ఇవ్వమంటారా?" అని అందర్నీ అడిగారు.

తర్వాత నేను. నూకాలు అని కొట్టాను. తెరుచుకుంది. కన్వేయరు రోలరు డ్రాయింగు. ప్లాటరు పెన్ను ఎక్కడా ఆగకుండా గీసింది.

చప్పట్లు కొట్టారు. నేహకి సమోసాలన్నీ వచ్చాయి. నాకొకటి పెట్టింది. తిన్నాను.

24-3-98

ఆదిబాబు ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఒరే, అది పాస్‌వర్డు కాదు. రాత్రి ఆలోచించాను. గడియారం మెరిసిందంటే లోపలికి ఎల్లినట్టే. నీకానాడు అయినట్టే అయింది. ఆఖరి వరసలో ఎవడో మెలిక పెట్టాడు. నేను పెట్టలేదు."

నేను గుమ్మంలో చెప్పులు సర్దాను.

"కౌశిక్ బాబే. ఆ సమోసాల ఆటలో ఎగతాళికి పెట్టుంటాడు. ఆడు తన మిషను మీంచే అందరి ఫైళ్ళూ తెరవగలడు కదా. అవునా కాదా?"

"అయ్యుంటాడు" అన్నాను.

"నువ్వూ అలాగే అంటన్నావు కదా. అయితే ఎల్లి అడుగుతాను."

26-3-98

వెళ్ళి అడిగాడు. నువ్వే చేశావని కౌశిక్ బాబుని అందరి ముందూ అన్నాడు. కౌశిక్ బాబు మొహం ఎర్రబడింది. "మీకు నేర్పినందుకు ఇదా?" అన్నాడు. సోమశేఖర్ గారు లోపలి నుంచి వచ్చి, ఇంజనీరు మీద నింద వేస్తావా, చేతులు పట్టుకుని క్షమించమను, లేకపోతే నీకు రావాల్సిన కాగితం ఒక్కదాని మీద కూడా సంతకం పెట్టను అన్నారు. ఫైలు తెరిచి చూడండి అని ఆదిబాబు అంటే, అతని ఖాతా నిన్ననే తీసేయించానన్నారు.

ఆదిబాబు ఆ కుర్రాడి చేతులు పట్టుకున్నాడు. నేను కాగితం రోలు మారుస్తున్నాను. చూడలేదు.

12-4-98

వాళ్ళు వెళ్ళిపోయారు. సోంపేట దగ్గర నూకాలమ్మ పుట్టింటివారి ఇంట్లో ఒక గది ఇస్తామన్నారట. నూకాలమ్మ గౌరిని వదలలేదు. "వదినా, నీ చెయ్యి ఎవరికి అప్పజెప్పనే" అని ఏడ్చింది.

టాటానగర్ స్టేషను దాకా ట్రంకుపెట్టె నేనే మోశాను. రైలు కదిలే ముందు ఆదిబాబు కిటికీలోంచి చెయ్యి చాపి నా భుజం మీద వేశాడు.

"ఒరే బల్రామూ. ఆ శుక్రవారం నీకు కడుపులో బాగోలేదన్నావు కదా. తగ్గిందేటి?"

"తగ్గింది" అన్నాను.

వాడు తల ఊపి చెయ్యి లోపలికి తీసుకున్నాడు.

30-4-98

పని బాగానే ఉంది.

14-7-98

గౌరి పెరట్లో పడింది. మణికట్టు విరిగింది. పంపు దగ్గర పాచి పట్టింది. అది నూకాలమ్మ రుద్దుతుందని నాకు తెలుసు, కానీ ఆవిడ లేకపోతే ఎవరూ రుద్దరని తట్టలేదు.

ఆసుపత్రిలో కట్టు కడుతుంటే గౌరి, "నూకాలు వదినకి కబురు పెట్టు, వత్తాది" అంది. వత్తాదిలే అన్నాను.

3-8-98

రోజూ పొద్దున్న నూకాలు అని కొట్టాలి. మార్చుకోవచ్చట. ఎలాగో తెలీదు.

16-11-98

పాత మిషన్లు తీసేసి కొత్తవి పెట్టారు. కౌశిక్ బాబు బెంగుళూరు వెళ్ళిపోయాడు. వాడి చోట రఘువీర్ అని ఒకతను వచ్చాడు. మా ఫైళ్ళు కొత్త మిషనులోకి ఎక్కించానన్నాడు.

మాట కొట్టాను. నల్లగా అయింది. బూడిదరంగు పెట్టె. ఈసారి గడియారం మెరవను కూడా లేదు.

రఘువీర్‌ని బతిమాలితే నా ఫైలు తన తెర మీద చూపించాడు. ఆఖరి వరస చూశాను. మెలిక లేదు. అన్నీ ఉన్నట్టే ఉన్నాయి. అక్కడే మొత్తం చెరిపి మళ్ళీ రాశాను. అయినా తోసేస్తోంది.

"చాచా, ఆప్‌కా ఫైల్, ఆప్‌కా సిర్‌దర్ద్" అన్నాడు రఘువీర్. నీ ఫైలు, నీ తలనొప్పి.

సోమశేఖర్ గారు వచ్చి నిలబడి చూశారు. ఆనాడు చూసినట్టే.

"బలరామ్ జీ, మీరు పరీక్షలో నెగ్గినవారు కదా. మీకు ఒకరు చెప్పాలా?" అన్నారు. వెళ్తూ వెళ్తూ, "నెలాఖరు దాకా చూస్తాను" అన్నారు.

గౌరి కట్టు విప్పారు గానీ చెయ్యి వంకరగా అతుక్కుంది. గోడ మీద సరిగా ఆన్చలేకపోతోంది. క్యాలెండరు మేకు దాటి ముందుకి పోతోంది.

17-11-98

ఆదిబాబుకి ఉత్తరం. తప్పులు దిద్దుకోడానికి ముందు ఇక్కడ రాస్తున్నాను. రేపు ఇన్‌లాండు కవరు మీద ఎక్కించాలి.

చిరంజీవి ఆదిబాబుకి, బలరాం రాయునది. నా చేతిరాత సంగతి నీకు తెలుసు, మన్నించు. మేము కులాసా. మీ చెల్లెలు కూడా కులాసా. నూకాలమ్మని అడిగినట్టు చెప్పమంది. ఇక్కడ చలి మొదలైంది. మీ క్వార్టర్లోకి ఎవరో పంజాబీలు వచ్చారు, నీ సీతాఫలం చెట్టు కొట్టేశారు.

ముఖ్యంగా రాయునది. నా ఫైలు లెగట్లేదు. వరసలన్నీ సరిగానే ఉన్నాయి. ఆఖరి వరసలో మెలిక లేదు. నువ్వు రాయడం అయ్యాక ఏదో కొట్టేవాడివి. ఫైలికి కాళ్ళిత్తన్నానని అనేవాడివి. అది ఒక మాట, మూడంకెలు. నువ్వు చీటీ మీద రాసుకున్నావు. ఆ చీటీ నీ దగ్గరుంటుంది, నువ్వు ఏదీ పారెయ్యవు. అది లేకపోతే నెలాఖరుకి నన్ను తీసేస్తారు. మీ చెల్లెలికి ఈ ఇల్లు తప్ప వేరే ఇల్లు తెలీదని నీకు నేను చెప్పక్కర్లేదు.

రైలు దగ్గర కడుపు తగ్గిందని చెప్పాను. తగ్గలేదు.

(పై వరస కవరు మీద ఎక్కించకూడదు.)

ఇంకేమీ రాయనక్కర్లేదు. నా మీద ఏమున్నా అది తర్వాత రాద్దువు గాని. ముందు ఆ మాట, ఆ మూడంకెలు కార్డు ముక్క మీద రాసి, ఇది అందిన రోజే డబ్బాలో వెయ్యి. పొద్దున్న టపా మనిషి వచ్చే వేళకి గుమ్మంలో కూర్చుంటాను. తొందరగా జవాబు రాయి.